బామ్మర్ది జెట్‌స్కీ ఇంజన్‌కు 5.5 లక్షలు పెడదామంటున్నాడు, ఒప్పుకోవాలా?

ఉత్తరం రాసినాయన హనుమకొండ మనిషి, వయసు 36. పేరు, రిజర్వాయర్ పేరు వేయొద్దన్నారు. మూడేళ్ల కింద ఉద్యోగం మానేసి, భార్య తమ్ముడితో కలిసి ఒక రిజర్వాయర్ మీద జెట్‌స్కీ (నీళ్ల మీద బైకులా నడిపే మోటారు బండి) రైడ్ల వ్యాపారం పెట్టారు. బండ్లు మూడు: యమహా వీఎక్స్ 110లు రెండు, 2007 మోడల్ సీ-డూ ఆర్‌ఎక్స్‌టీ ఒకటి. అన్నీ సెకండ్ హ్యాండే. 5 నిమిషాల రైడ్‌కు 500 రూపాయలు తీసుకుంటారు. పెట్టుబడిలో మూడు వంతులు ఈయనది, ఒక వంతు బామ్మర్ది పేరు మీద మామగారు పెట్టింది. పైసల లెక్క ఈయన చూస్తారు, బండ్లు, కస్టమర్లు, నీళ్ల మీద పని అంతా 26 ఏళ్ల బామ్మర్దిది. నడపడంలో ఆ పిల్లగాడిని మించినవాళ్లను తాను చూడలేదని ఈయనే రాశారు.

ఆర్నెల్ల నుంచి బామ్మర్ది ఒకటే పట్టు మీద ఉన్నాడు. ఆర్‌ఎక్స్‌టీ ఇంజన్‌కు ముంబైలోని ఒక వర్క్‌షాపులో పెద్ద సూపర్‌చార్జర్ చక్రం, పెద్ద ఇంజెక్టర్లు (పెట్రోల్ చిమ్మేవి), ఇంటర్‌కూలర్ (ఇంజన్‌లోకి పోయే గాలిని చల్లబరిచేది), ఇంజన్ కంప్యూటర్ ట్యూనింగ్, కొత్త ఇంపెల్లర్ (పంపులో నీటిని వెనక్కి తన్నే రెక్కల చక్రం) వేయించాలట. ఈ కిట్ మొత్తం 5.5 లక్షలు. 215 హార్స్‌పవర్ బండి 300 అవుతుందట. ఆ బండిని చూడటానికే జనం వస్తారని, ఏదో ఒక రోజు రేసుల్లోకి దిగుతానని అతని ఆశ. పైసలు లేవంటే అక్క బంగారం బ్యాంకులో పెడదామన్నాడు. ఆమె అవుననలేదు, కాదనలేదు. మొన్న బతుకమ్మ పండుగకు అత్తగారింటికి పోతే మామగారు అందరి ముందు, 'మా పోరడు ఒక్క ముచ్చట అడిగిండు, అది గూడ తీర్చవా' అన్నారు. పండుగ అయ్యాక తెలిసిందేమంటే, ఈయనకు చెప్పకుండానే వర్క్‌షాపుకు 25 వేలు అడ్వాన్స్ పోయింది. అడిగితే గొడవైంది. 'ఏనాడు నాకు ఎదురు మాట్లాడని పిల్లగాడు, బావా నీకు లెక్కలు తప్ప ఇంకేం కనబడయ్ అన్నడు. అప్పటిసంది నిద్ర పడ్తలేదు. ఇంజన్‌కు అంత పెట్టడం దండుగనా? దండుగైతే ఇల్లు చెడకుండ ఎట్ల చెప్పాలె?' అని అడిగారు.

మీ ఉత్తరంలో ఇంజన్ గురించి నాలుగు పేజీలున్నాయి, బామ్మర్ది గురించి ఒకటే పేజీ. మీకు నిద్ర లేకుండా చేస్తున్నది ఆ ఒక్క పేజీయేనని చదివితే తెలుస్తూనే ఉంది. అయినా ముందు ఇంజన్ సంగతే తేల్చుకుందాం. అతనితో కూర్చుని మాట్లాడే రోజున మీ దగ్గర 'నాకు భయంగా ఉంది' అనే మాట కాకుండా వేరే మాట ఉండాలి.

సూపర్‌చార్జర్ చేసే పని కమ్మరి కొలిమికి తిత్తి చేసే పనే. ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా ఎక్కిస్తుంది. ఎక్కువ గాలి, దానికి తగ్గ పెట్రోల్, ఎక్కువ మంట, ఎక్కువ బలం. చక్రం పెద్దది చేస్తే గాలి ఇంకా పెరుగుతుంది, అందుకే ఇంజెక్టర్లు, ఇంటర్‌కూలర్, ట్యూనింగ్ కూడా మార్చాల్సి వస్తుంది. వర్క్‌షాపు వాళ్లు ఇవన్నీ కలిపి చెప్పడంలో మోసమేమీ లేదు. విడివిడిగా వేస్తేనే ఇంజన్ పాడవుతుంది. 215 నుంచి 300కు పోవడం కూడా అసాధ్యమేమీ కాదు. మీ బామ్మర్ది గాలిలో మేడలు కట్టడం లేదని ముందు మీరు ఒప్పుకోవాలి.

బలం పెరిగినంత వేగం మాత్రం పెరగదు. నీళ్ల మీద వేగం పెంచుతున్నకొద్దీ నీటి అడ్డు దానికంటే చాలా ఎక్కువగా పెరుగుతుంది. 215కు 300 అంటే బలం 40 శాతం పెరిగినట్టు. వేగం పెరిగేది మాత్రం 12 నుంచి 18 శాతం మధ్య. మీ ఆర్‌ఎక్స్‌టీ కొత్తగా ఉన్నప్పుడు గంటకు 105 కిలోమీటర్లు పోయే బండి. కిట్ వేస్తే 117 నుంచి 124 దాకా పోవచ్చు. అంటే 5.5 లక్షలకు వచ్చేది, అన్నీ సరిగ్గా కుదిరితే, 12 నుంచి 19 కిలోమీటర్ల వేగం. పికప్‌లో తేడా ఇంతకంటే బాగా తెలుస్తుంది, అది నిజం. థ్రాటిల్ (యాక్సిలరేటర్) నొక్కగానే ఎగిరి దూకినట్టుంటుంది. అతనికి కావాల్సింది అదే అనుకుంటాను.

ఆ సుఖం ఎవరికి అందుతుంది? మీ కస్టమర్ ఎవరో మీరే రాశారు. కరీంనగర్, పెద్దపల్లి, వరంగల్ నుంచి ఆదివారం పిల్లాజెల్లాతో వచ్చేవాళ్లు, కాలేజీ పిల్లలు, పెళ్లి ఫోటోల కోసం వచ్చే జంటలు. ముందు మీ మనిషి కూర్చుని నడుపుతాడు, వెనక వాళ్లు పట్టుకుని కూర్చుంటారు. తాడు కట్టిన హద్దులో నాలుగు చక్కర్లు. అందులో 105 అందుకునే జాగా కూడా లేదు, ఇక 120 ఎక్కడ? వాళ్లకు కావాల్సింది ఒళ్లంతా తడవడం, కేక పెట్టడం, మంచి ఫోటో. అవి 110 హార్స్‌పవర్ యమహా మీద కూడా నిండుగా దొరుకుతాయి. 300 హార్స్‌పవర్ బండి అని బోర్డు పెట్టి రేటు 700 చేస్తే ఇస్తారా? కొందరు ఇస్తారేమో. దానికి ఇంజన్ మార్చేదాకా ఆగక్కర్లేదు. ఆర్‌ఎక్స్‌టీ ఇప్పటికే మీ యమహాలకు దాదాపు రెండింతల బలమున్న బండి. ఒక నెల దాని రేటు పెంచి చూడండి, జనం బలానికి పైసలిస్తారో లేదో తెలిసిపోతుంది.

లెక్క కూడా వేద్దాం. పెట్రోల్, కాంట్రాక్టు వాటా, హెల్పర్ల కూలి పోగా రైడ్‌కు 150 మిగులుతుందని మీరే రాశారు. 5.5 లక్షలను 150తో భాగిస్తే దాదాపు 3,670 రైడ్లు. ఇవి ఇప్పుడు వస్తున్న రైడ్లు కావు, కిట్ వేసినందుకు కొత్తగా రావాల్సినవి. శని, ఆదివారాలు రోజుకు 10 చొప్పున అదనంగా వస్తాయని ఉదారంగా అనుకున్నా, వారానికి 20. మూడున్నరేళ్లు పడుతుంది. వానాకాలం గేట్లెత్తి బోటింగ్ ఆపే వారాలు, ఎండాకాలం నీళ్లు అడుగంటే వారాలు తీసేస్తే ఇంకా ఎక్కువ. ఈలోపు బంగారం మీద వడ్డీ, ఏడాదికి 10 శాతమనుకున్నా 55 వేలు. ఇంజన్ ఒక్కసారి కూడా చెడకపోతేనే ఈ లెక్క.

అది చెడకుండా ఉండదనే నా భయం. కారణం ఆ మోడల్‌లోనే ఉంది.

2007 నాటి ఆర్‌ఎక్స్‌టీలో ఉండేది 1,494 సీసీ రోటాక్స్ ఇంజన్, మంచి ఇంజనే. ఆ కాలపు సూపర్‌చార్జర్ లోపల మాత్రం సిరామిక్ వాషర్లు వేసేవారు. అవి అరిగి పగిలితే ముక్కలు ఆయిల్‌తో పాటు ఇంజన్‌లోకి పోయి మొత్తం ఇంజన్‌ను తినేస్తాయి. అందుకే నిర్ణీత గంటలకోసారి సూపర్‌చార్జర్ విప్పి రీబిల్డ్ చేయాలి, సిరామిక్ తీసేసి లోహం వాషర్లు వేసుకోవాలి. ఆ బండి నడిపేవాళ్లలో ఇది అందరికీ తెలిసిన సంగతి. మీ బండికి ముందు ఓనర్ దగ్గర ఆ పని జరిగిందా? మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. జరగకపోయి ఉంటే, కిట్ వేయకుండా ఈ ఆదివారం మామూలుగా తిప్పడం కూడా రిస్కే. ఆ రికార్డు దొరక్కపోతే సూపర్‌చార్జర్ విప్పి చూపించేదాకా ఆ బండి బయటకు తీయకండి.

రెండోది పెట్రోల్. ఇప్పుడు మన బంకుల్లో దొరికే మామూలు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఈ బండ్ల కంపెనీలు తమ పుస్తకాల్లో 10 శాతం మించొద్దని రాస్తాయి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అదే మంటకు కొంచెం ఎక్కువ పోయాలి. కారులో అయితే పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని సరిచేస్తుంది. చాలా జెట్‌స్కీల్లో ఆ సెన్సర్ ఉండదు. కంప్యూటర్‌లో రాసి ఉన్నంతే పోస్తుంది. అంటే ఇంజన్‌కు పెట్రోల్ కొంచెం తక్కువ అందుతూ, ఎక్కువ వేడి మీద నడుస్తూ ఉంటుంది. మామూలు బండి దీన్ని కొంతవరకు తట్టుకుంటుంది. దాని మీద 40 శాతం బలం పెంచి ఫుల్ థ్రాటిల్ నొక్కితే పిస్టన్ కరిగే ప్రమాదం ఉంది. ట్యూనింగ్ చేసే మనిషి ఏ పెట్రోల్ పోసి సెట్ చేశాడో, మీరు కూడా ఎప్పుడూ అదే పోయాలి. మీ ఊరి బంకులో దొరికేది, అక్కడ అతను పోసింది ఒకటేనా అని అడగండి. ఇంకో మాట, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. వారమంతా రిజర్వాయర్ ఒడ్డున సగం ట్యాంకుతో నిలబడే బండికి ఇది మంచిది కాదు. ట్యూనింగ్ చేయించినా, చేయించకపోయినా ఆ అలవాటు మానుకోండి.

ఇక మన ఎండలు. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి 6 శాతం పలచన. అంటే చల్లటి దేశంలో కొలిచి చెప్పిన 300 మన మే నెలలో 300 కాదు. ఇంటర్‌కూలర్‌ను చల్లబరిచేది కూడా రిజర్వాయర్ నీళ్లే. అప్పటికి పైనీళ్లు కూడా వేడెక్కి ఉంటాయి, పైగా నీరు తగ్గి బురదగా ఉంటుంది. ఆ బురద పైపుల్లో పేరుకుంటుంది. మీ యమహాలు ఆ నీళ్లను నేరుగా ఇంజన్ చుట్టూ తిప్పుకుని చల్లబడే రకం, కాబట్టి వాటికీ ఇది వర్తిస్తుంది. సాయంత్రం బండి ఒడ్డుకు తెచ్చాక మంచినీళ్లతో ఫ్లష్ చేయడం రోజూ జరుగుతోందా? వీడియోల్లో అతను చూసే బండ్లు శుభ్రమైన లోతు నీళ్లలో తిరుగుతాయి. మన దగ్గర బండి అడుగున నీళ్లు పీల్చే మూతికి గుర్రపుడెక్క, తెగిన వల ముక్కలు, ప్లాస్టిక్ సంచులు తగులుతాయి.

అయితే చేసే ప్రతి మార్పూ దండుగ అని నేను అనడం లేదు. సీ-డూ స్పార్క్ అనే చిన్న బండి ఉంది. దాని 899 సీసీ ఇంజన్‌ను కంపెనీయే 60 హార్స్‌పవర్, 90 హార్స్‌పవర్ అని రెండు రకాలుగా అమ్మింది. తేడా ప్రధానంగా కంప్యూటర్ సెట్టింగ్‌లోదే. అలాంటి బండికి ట్యూనింగ్ చేయిస్తే తక్కువ పైసలకు ఎక్కువ ఫలితం. మీ యమహాలకు సూపర్‌చార్జర్ లేదు కాబట్టి వాటి మీద ఎంత పెట్టినా వచ్చేది కొంచెమే. ఆర్‌ఎక్స్‌టీ విషయంలో నా నమ్మకం ఏమిటంటే, అది కొత్తగా ఉన్నప్పటి వేగం ఇప్పుడు పోవడం లేదు. 105 పోయే బండి మీ దగ్గర ఎంత పోతోందో ఫోన్‌లో జీపీఎస్ పెట్టి, తెల్లవారుజామున జనం లేనప్పుడు ఒకసారి చూడమనండి. 90 దగ్గర ఆగిపోతే ఆశ్చర్యపడను. ఒడ్డు దగ్గర లోతు లేని చోట స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఇసుక, గులకరాళ్లు పంపులోకి పోతాయి. ఇంపెల్లర్ అంచులు మొద్దుబారుతాయి. దాని చుట్టూ ఉండే వేర్ రింగ్ గీసుకుపోతుంది. ఆ రెంటి మధ్య సందు వెంట్రుకంత ఉండాల్సింది, పెరిగితే ఇంజన్ అరుస్తుంది గానీ బండి కదలదు. నీళ్లు జారిపోతాయి. మీ కస్టమర్లు 'ముందు లాగ పోతలేదు' అంటున్నారని రాశారు కదా, అనుమానించాల్సింది అక్కడే.

వేర్ రింగ్ మార్చడం, ఇంపెల్లర్ సరిచేయించడం లేదా మార్చడం, సూపర్‌చార్జర్ రీబిల్డ్, కంప్రెషన్ పరీక్ష, ప్లగ్గులు, ఆయిల్. ఇదంతా కలిపినా 5.5 లక్షల్లో చిన్న భాగమే అవుతుంది. పోయిన 10, 15 కిలోమీటర్ల వేగం వెనక్కి వస్తుంది. కిట్ ఇస్తానన్న వేగంలో చాలా భాగం ఇదే!

భద్రత గురించి మీరు ఒక్క లైను కూడా రాయలేదు. ఈ బండికి బ్రేకులు లేవు. వెనక నుంచి తన్నే నీటి ధారే దీనికి స్టీరింగ్ కూడా. భయపడి థ్రాటిల్ వదిలేస్తే హ్యాండిల్ ఎటు తిప్పినా బండి చాలావరకు ముందుకే పోతుంది. కొత్తవాళ్లు గుద్దుకునేది అలాగే. వేగం పెరిగిన ప్రతి కిలోమీటరుకూ ఆ ముందుకు జారే దూరం పెరుగుతుంది. పికప్ పెంచితే వెనక కూర్చున్నవాళ్లు వెనక్కి పడే అవకాశం పెరుగుతుంది. అలా పడ్డప్పుడు ఆ నీటి ధార నడుము కింద తగిలితే లోపలి అవయవాలకు తీవ్రమైన గాయాలవుతాయి. అందుకే మందపాటి వెట్‌సూట్ నిక్కరు వేసుకోవాలని కంపెనీలు బండి మీదే హెచ్చరిక అంటిస్తాయి. మన దగ్గర చీరలో, చుడీదార్‌లో ఎక్కేస్తారు. మీ దగ్గర మూడు సైజుల్లో అలాంటి నిక్కర్లు కొని పెట్టడానికి అయ్యే ఖర్చు ఎంత? ఇంజన్ మాట ఎటుపోయినా ఇది మాత్రం చేయండి.

నీళ్ల కింద ఏముందో కూడా ఆలోచించాలి. మధ్య మానేరు లాంటి చోట్ల ముంపు గ్రామాల గోడలు, చెట్ల మొదళ్లు నీటి అడుగునే ఉన్నాయి. నిండుగా ఉన్నప్పుడు కనబడవు. నీరు దిగిన కొద్దీ పైకొస్తాయి, నిన్న సాఫీగా పోయిన దారిలో ఈ రోజు ఒక మొద్దు ఉంటుంది. వలలేసే గంగపుత్రుల, ముదిరాజుల తెప్పలు పొద్దున, సాయంత్రం అదే నీళ్ల మీద ఉంటాయి. 120 వేగంలో ఒక తెప్పను చూసి తప్పుకోవడానికి ఎంత టైం దొరుకుతుందో మీ బామ్మర్దికే నాకంటే బాగా తెలుసు. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు మన కాజీపేట పక్కన కడిపికొండ ఇళ్లలో ఎంత దుఃఖం నిండిందో ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. ఏదైనా జరిగితే పోయేది మీ ఒక్క బండి పేరు కాదు. ఆ రిజర్వాయర్ మీద బతికే అందరి బోట్లూ ఒడ్డునే నిలబడతాయి.

కాగితాలూ చూసుకోండి. 2021 నాటి అంతర్గత జలనౌకల చట్టం ప్రకారం ఇంజన్‌తో నడిచే నౌకలకు తనిఖీ, రిజిస్ట్రేషన్ ఉంటాయి. ఇన్సూరెన్స్ తీసుకున్నది 215 హార్స్‌పవర్ బండికి. ఇంజన్ మార్చి, వాళ్లకు చెప్పకుండా జనాన్ని ఎక్కిస్తే, ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ చేతులు దులుపుకునే అవకాశం ఉంది. మీ కాంట్రాక్టు అగ్రిమెంట్‌లో బండి మార్పుల గురించి ఏం రాసి ఉందో చదవండి. అధికారులనూ ఇన్సూరెన్స్ వాళ్లనూ రాతపూర్వకంగా అడగండి.

ఇంత చెప్పాక మీ ముందు దారులు ఏమున్నాయి?

కిట్ వద్దని గట్టిగా చెప్పి, బాగుచేతకు మాత్రమే పైసలు పెట్టడం ఒకటి. వ్యాపారానికి ఇదే మంచిది, సందేహం లేదు. కానీ కేవలం 'వద్దు' అంటే మీరు గెలిచినట్టు, అతను ఓడినట్టు అవుతుంది. నీళ్ల మీద పనంతా మోస్తున్న మనిషి మనసు విరిగితే మీకు కిట్ ఖర్చు కంటే ఎక్కువ నష్టం. కాబట్టి ఈ దారి పట్టేటట్టయితే ఆ బాగుచేత పని మొత్తం అతని చేతికే ఇవ్వండి. ఏ పార్టు కొనాలో, ఎక్కడ చేయించాలో అతనే తేల్చనీయండి. జీపీఎస్ మీద ముందు ఎంత, తర్వాత ఎంత అన్నది అతనే కొలిచి చూపించాలి.

ఆర్‌ఎక్స్‌టీని అమ్మేసి, వచ్చిన దానికి కొంత కలిపి, తక్కువ గంటలు నడిచిన కొత్త మోడల్ కొనడం ఇంకొకటి. 2016 నుంచి సీ-డూ 1,630 సీసీ ఇంజన్‌తో 300 హార్స్‌పవర్ బండ్లు కంపెనీ నుంచే తెచ్చింది. పాత బండిని 300 చేయడానికీ, 300గానే పుట్టిన బండికీ చాలా తేడా ఉంటుంది. అందులో పంపు, చల్లబరిచే ఏర్పాటు, హల్ (నీళ్లను తాకే బండి అడుగు భాగం) అన్నీ ఆ బలానికి తగ్గట్టు తయారైనవే. ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. ఇప్పుడే వద్దు, రెండేళ్ల తర్వాతి మాటగా పెట్టుకోండి. కిట్ వేసిన పాత బండిని మళ్లీ అమ్మబోతే పెట్టిన 5.5 లక్షలు ధరలో కనబడవు. కొనేవాడు అలాంటి బండి అంటేనే వెనకాడతాడు.

మూడో దారి, కిట్ వేయించడమే. అతను వినకపోతే, మామగారు తన పైసలతోనే చేయిస్తానంటే, అప్పుడు మీరు అడ్డం పడొద్దు. ఆర్‌ఎక్స్‌టీని అతని వాటా కింద అతనికే రాసి ఇచ్చేయండి. అది ఇక కిరాయి బండి కాదు, కస్టమర్లు ఎక్కకూడదు. బాగుచేత, పెట్రోల్, ఇన్సూరెన్స్ అతనివే. ఆ 60 లీటర్ల ట్యాంకు ఫుల్ థ్రాటిల్ మీద గంట కూడా రాదని అతనికి మొదటి నెలలోనే తెలుస్తుంది. దీనివల్ల మీ వ్యాపారం రెండు యమహాల మీదికి వస్తుంది, ఆదాయం తగ్గుతుంది. ఇల్లు మాత్రం నిలబడుతుంది. ఈ మాట ముందుగా మామగారితో, ఆయన ఇంట్లో, మీరొక్కరే వెళ్లి చెప్పండి. పండుగనాడు నలుగురిలో ఆయన అన్న మాటకు జవాబు నలుగురిలో ఇవ్వకండి.

రేసుల సంగతి మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు. నాకైతే మొత్తం గొడవకు వేరు అదేననిపిస్తోంది. మూడేళ్ల నుంచి ఆ పిల్లగాడు ఎండలో నిలబడి 5 నిమిషాల చక్కర్లే కొడుతున్నాడు. చేతిలో ఉన్న విద్యకు అది చాలడం లేదు. 300 హార్స్‌పవర్ అడగడమంటే తనను ఎవరైనా గుర్తించాలని అడగడం కావచ్చు. అలాంటప్పుడు అతనికి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో జెట్‌స్కీ పోటీలు పెట్టారు. అందులో రనబౌట్ 1100 స్టాక్ అని ఒక విభాగం ఉంది, అంటే కూర్చుని నడిపే, 1,100 సీసీ దాటని, కంపెనీ ఇంజన్ బండ్ల పోటీ. అక్కడ ఇంజన్ బలం పెంచి గెలవడం ఉండదు, నడిపేవాడి చేతిలో ఉన్నదే తేలుతుంది. అమెరికాలో లేక్ హవాసు దగ్గర జరిగే ప్రపంచ పోటీల్లో కూడా స్టాక్ విభాగాలు వేరుగా ఉంటాయి. మీ యమహా వీఎక్స్ ఇంజన్ 1,052 సీసీ. అంటే అతను నేర్చుకోవాల్సిన బండి అతని దగ్గర ఇప్పటికే ఉంది.

అతనితో మాట్లాడేటప్పుడు ఈ విషయంతో మొదలుపెట్టండి. 'కిట్ వద్దు' అని కాకుండా, 'నువ్వు నిజంగా రేసుకు పోవాలంటే ఏం కావాలి' అని అడగండి. నీళ్లలో తేలే గుర్తు బంతులు పెట్టుకుని వాటి చుట్టూ మలుపులు కొట్టడానికి వారంలో ఒక రోజు, పొద్దున గంటసేపు, మామూలు రోజుల్లో జనం లేనప్పుడు, అనుమతి తీసుకుని ఒక యమహాను అతనికి వదిలేయండి. దాని పెట్రోల్ వ్యాపారం ఖాతాలో రాయండి. మీకు నెలకు కొన్ని వేలు పోతాయి. 5.5 లక్షలతో పోలిస్తే అది ఎంత? ఇంకో పని కూడా చేయొచ్చు. ఏడాది తర్వాత అతని వాటా పావు నుంచి మూడో వంతుకు పెంచే మాట ఒకటి ఇవ్వండి. పని అంతా చేసేవాడికి పావు వాటా ఇవ్వడం మీ లెక్కలో సరైనదే కావచ్చు, అతని లెక్కలో కాకపోవచ్చు. 'నీకు లెక్కలు తప్ప ఇంకేం కనబడయ్' అన్న మాటలో నాకు ఈ బాధే వినిపించింది.

చెప్పకుండా అడ్వాన్స్ ఇవ్వడం తప్పే. ఆ మాట సూటిగా చెప్పండి, కానీ ఒక్కసారే చెప్పండి, అక్క ముందు కాకుండా. ఇకమీద 10 వేలు దాటే ఏ ఖర్చయినా ఇద్దరి సంతకంతోనే అని రాసుకోండి, ఆ నియమం మీకూ వర్తిస్తుంది.

మీ భార్య అవుననలేదు, కాదనలేదు అని రాశారు. తమ్ముడు ఒక పక్క, భర్త ఒక పక్క ఉన్నప్పుడు ఆమె ఏం మాట్లాడగలదు? ఆ మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. బంగారం ఆమెది. దాన్ని ఈ చర్చలోంచి పూర్తిగా తీసేశామని మీరే ముందు ఆమెతో చెప్పండి, తర్వాత అతనితో చెప్పండి. అప్పుడు ఆమెకు ఎవరి పక్షాన నిలబడాలన్న టెన్షన్ తప్పుతుంది. తర్వాత ఆమె అభిప్రాయం అడగండి. మూడేళ్లుగా శని, ఆదివారాల వసూళ్లు రాత్రి లెక్కపెట్టేది ఆమేనని మీరే రాశారు, వ్యాపారం గురించి ఆమెకు మీ ఇద్దరికంటే తక్కువేమీ తెలియదు.

ఆ 25 వేల గురించి వర్క్‌షాపుతో ఇప్పుడే గొడవ పెట్టుకోకండి. వెనక్కి ఇవ్వమంటే ఇవ్వకపోవచ్చు. కిట్ బదులు సూపర్‌చార్జర్ రీబిల్డ్‌కు, ఇంపెల్లర్, వేర్ రింగ్‌కు ఆ అడ్వాన్స్ సర్దమని మీ బామ్మర్దితోనే ఫోన్ చేయించండి. చాలామంది దానికి ఒప్పుకుంటారు. సూపర్‌చార్జర్ విప్పినప్పుడు లోపల ఏ వాషర్లు ఉన్నాయో ఫోటో తీసి పంపమనండి. ఆ ఫోటో వచ్చేదాకా ఆర్‌ఎక్స్‌టీని ఒడ్డు మీదే ఉంచండి.